క్యారియర్ మీది బరువు ఎవరు మోస్తున్నారు?

బండి కొనేటప్పుడు మనల్నెవరూ అడగరు. మహా అయితే రంగు ఏది బాగుంటుందని అడుగుతారు, అదీ డబ్బు కట్టేశాక. కానీ ఆ బండి మీదికెక్కే మూటలు కట్టేదీ, పెట్టెలు సర్దేదీ మాత్రం మనమే. అందుకే ఈ వారం పోపుల డబ్బా పక్కన పెట్టి బండి టాపు గురించి రాస్తున్నాను. "ఆడవాళ్ళ పేజీలో ఈ జీపుల గోలేమిటమ్మా" అని విసుక్కోకండి. చివరిదాకా చదివాక మీరే మీ వారికి చదివి వినిపిస్తారు.

మాది దిల్‌సుఖ్‌నగర్. మా మరిది వాళ్ళు ఎల్.బి.నగర్ అవతల వనస్థలిపురంలో ఉంటారు. ఆయనకు చిన్నప్పటి నుంచీ జీపు పిచ్చి. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో ఒక థార్ కొన్నాడు, 2016 మోడల్. మహీంద్రా వాళ్ళు ఈ థార్ అనే బండిని 2010లో తెచ్చారు. ఆ మొదటి రకం 2020 దాకా వచ్చింది. దానికి కంపెనీ ఇచ్చేది గుడ్డ టాపు. ఎండకీ, వానకీ, దుమ్ముకీ వేగలేక చాలామంది బయట షాపుల్లో ఫైబర్ టాపు చేయించుకునేవారు. బోల్టులు విప్పి నలుగురు నాలుగు మూలలా పట్టుకుంటే మూత తీసినట్టు పైకి లేచి వచ్చేస్తుంది. చలికాలం తీసేసి తిరగొచ్చు, వానాకాలం మళ్ళీ పెట్టుకోవచ్చు. 2020 అక్టోబరులో వచ్చిన రెండో రకం థార్‌కి గట్టి టాపు కంపెనీ నుంచే వస్తోంది. 2024 ఆగస్టులో వచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్‌కి ఇనుప రేకు కప్పే. మా మరిదిది పాతది కాబట్టి ముందు యజమాని చేయించిన ఫైబర్ టాపుతో వచ్చింది.

బండి చూడ్డానికి ఏనుగులా ఉంటుంది గానీ లోపల చోటు తక్కువ. వెనక సీట్లు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉంటాయి. మనుషులు కూర్చున్నారంటే కాళ్ళ దగ్గర కూరగాయల సంచీ పెట్టడానికి కూడా జాగా ఉండదు. పోయిన కార్తీకంలో శ్రీశైలం వెళదామని మా అత్తయ్య అన్నారు. మేమిద్దరం, అత్తయ్య, మరిది, తోడికోడలు, వాళ్ళబ్బాయి - మొత్తం ఆరుగురం. సత్రంలో రెండు రోజులుండి స్వయంగా వండుకోవాలని అత్తయ్య పట్టుదల. బియ్యం, పప్పులు, కరెంటు కుక్కరు, ఇత్తడి గిన్నెలు, దుప్పట్లు, దీపాల సామాను... వీటన్నిటికీ చోటెక్కడ?

"టాపు మీద క్యారియర్ బిగిస్తే సరి" అన్నాడు మరిది. ఇప్పటి పిల్లలు దాన్నే రూఫ్ రాక్ అంటున్నారు.

ఎల్.బి.నగర్ వైపు ఒక సందులో షాపుకి తీసుకెళ్ళి గంటన్నరలో బిగించుకొచ్చాడు. ఇనుప గొట్టాల చట్రం, నాలుగు కాళ్ళు, ఒక్కో కాలికి రెండేసి బోల్టులు. ఫైబర్‌కి డ్రిల్లుతో ఎనిమిది బెజ్జాలు వేసి, బోల్టు దూర్చి, లోపలి నుంచి రూపాయి బిళ్ళంత వాషర్లు పెట్టి బిగించారు. చుట్టూ తెల్లటి సిలికాన్ పూశారు. మరిది ఆ చట్రం పట్టుకుని వేలాడి చూపించి "చూడండి వదినా, ఏనుగెక్కినా కదలదు" అన్నాడు. మేమూ మురిసిపోయాం.

మురిసిపోవడానికి కారణముంది. మా చిన్నప్పుడు ఏ పెళ్ళికెళ్ళినా అంబాసిడర్ కారే. దాని క్యారియర్ మీద పరుపులు, ట్రంకు పెట్టెలు, సారె బిందెలు, ఆఖరికి మంచం కూడా కట్టేవారు. ఏమీ అయ్యేది కాదు. మా కొత్తపేటలో పళ్ళ మార్కెట్ ఉన్న రోజుల్లో (అది ఇప్పుడు బాటసింగారం వెళ్ళిపోయింది) జీపుల మీద మామిడిపళ్ళ పెట్టెలు ఎత్తుకు ఎత్తు పేర్చుకుని పోవడం కళ్ళారా చూసినవాళ్ళం. క్యారియర్ అంటే బరువు మోస్తుంది, అంతేగా అనుకున్నాం.

మొదటి సూచన బయల్దేరే ముందు రాత్రే కనబడింది. తుపాను ముసురు. పొద్దున్న బండి తలుపు తీస్తే వెనక సీటు తడిసి ఉంది. గుడ్డ పెట్టి తుడిచి బయల్దేరాం. దారిలో అత్తయ్య నెత్తి మీద టప్‌మని ఒక చుక్క పడింది. "తలంటు పోసుకునే వచ్చాను కదరా, మళ్ళీ ఎందుకు" అన్నారావిడ. అందరం నవ్వాం. నిజానికి అప్పుడే ఆగి పైకి చూడాల్సింది. నీళ్ళు కారుతున్నాయంటే బెజ్జం దగ్గర ఏదో కదులుతోందన్నమాట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

తుక్కుగూడ దాటాం, కడ్తాల్ దాటాం. రోడ్డు బాగుందని మరిది కాస్త వేగంగానే పోతున్నాడు. గేదె అడ్డొస్తే ఒకసారి గట్టిగా బ్రేకు వేశాడు. అప్పట్నుంచీ నెత్తి మీద టిక్కు టిక్కుమని చప్పుడు. కుక్కరు మూత కాబోలనుకున్నాం. మా వెనకే ఒక మోటారు సైకిలు వస్తోంది - భార్యాభర్తలు, మధ్యలో నాలుగైదేళ్ళ పాప. ఆ పాప మాకు చెయ్యి ఊపుతుంటే మా తోడికోడలు కూడా ఊపుతోంది. చప్పుడు టిక్కు టిక్కు పోయి టక్కు టక్కు అయింది. "ఆపండి, ఆపండి" అని అరిచింది మా తోడికోడలు. పక్కకి తీసి ఆపాడు. మోటారు సైకిలు మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయింది, పాప వెనక్కి తిరిగి మళ్ళీ చెయ్యి ఊపింది.

దిగి చూస్తే గుండె ఆగినంత పనయింది. ముందువైపు ఎడమ కాలి దగ్గర ఫైబరు జానెడు పొడుగున చీలిపోయి ఉంది. లోపలున్న వాషరు సగం పైకి లాక్కొచ్చేసింది. దాని పక్క బోల్టు చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఇంకో అయిదారు కిలోమీటర్లు పోయుంటే ఆ చట్రం, దాని మీది సామాను, బియ్యం మూటతో సహా గాల్లోకి లేచి వెనక్కి పడేది. వెనక ఎవరున్నారో చెప్పాను కదా. మా తోడికోడలు రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

దగ్గర్లో ఉన్న పంక్చరు షాపాయన దగ్గర పానా అడిగి క్యారియర్ విప్పేశాం. తిరుగు ప్రయాణం దాకా దాన్ని ఆయన దగ్గరే ఉంచమన్నాం. బెజ్జాల మీద టేపు అంటించాం. మావారు, మరిది కొడుకు సామానంతా తీసుకుని శ్రీశైలం వెళ్ళే ఆర్టీసీ బస్సెక్కారు. మేం నెమ్మదిగా వెనక వెళ్ళాం. మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, మళ్ళీ పొద్దున్న ఆరింటికి గానీ తీయరు. ఎలాగో ఆ లోపలే దాటాం. స్వామి దర్శనం బాగానే అయింది. కానీ ఆ రెండు రోజులూ నా కళ్ళ ముందు ఆ పాప చెయ్యి ఊపడమే.

తిరిగొచ్చాక మా సందు చివర పాత జీపులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి బండి తీసుకెళ్ళాం. అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. నేనూ వెంట వెళ్ళాను. మగవాళ్ళు వెళితే మొహమాటానికి అన్నీ అర్థమైనట్టు తలలూపి వచ్చేస్తారు. నేనైతే అర్థమయ్యేదాకా అడుగుతాను.

ఉస్తాద్ చీలిక చూసి ఒక్కటే మాటన్నాడు. "అమ్మా, కారియర్ గట్టిగుందా లేదా అని అందరూ చూస్తరు. వజన్ ఎక్కడ దిగుతున్నదో ఎవ్వరూ చూడరు."

ఆ మాట నాకు భలే నచ్చింది. ఆయన చెప్పిందంతా మన భాషలో చెబుతాను.

అంబాసిడర్ కారు పైకప్పు ఇనుప రేకు. దాని అంచు చుట్టూ వాన నీళ్ళు పోవడానికి ఇనుప గాడి ఉండేది. క్యారియర్ కాళ్ళు ఆ గాడిని పట్టుకునేవి. ఆ గాడి కప్పుకీ, తలుపుల పక్కన నిలువు స్తంభాలకీ ఏకంగా అతికి ఉండేది. కాబట్టి మనం పైన పెట్టిన ట్రంకు పెట్టె బరువు గాడిలోంచి స్తంభాల్లోకి, అక్కణ్ణుంచి బండి ఒంట్లోకి దిగేది. కప్పు నడిమధ్య మీద భారం పడేదే కాదు. అంబాసిడర్లు 2014లో తయారవడం ఆగిపోయాయి గానీ మన బుర్రలో మాత్రం క్యారియర్ అంటే ఇంకా అదే.

ఫైబర్ టాపు సంగతి వేరు. గాజునార అల్లిక మీద జిగురులాంటి రెజిన్ పూసి ఆరబెట్టిన డొప్ప అది. లోపల ఇనుప స్తంభం ఉండదు. ఎండా వానా ఆపడానికి చేసింది గానీ బరువు మోయడానికి కాదు. కొన్ని టాపులకు అంచున గాడిలాంటి వంపు కూడా ఉంటుంది. అది చూసి మోసపోయి క్లాంపులు బిగిస్తారు. అదీ ఫైబరే, పుటుక్కున విరుగుతుంది. పైగా ఆ టాపు మొత్తం బండి ఒంటికి కొన్ని బోల్టులతోనే పట్టుకుని ఉంటుంది. విప్పుకోవడానికి వీలుగా చేసిందాయె.

మరి బెజ్జం దగ్గరే ఎందుకు చీలింది? ఇది మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పల్చటి జాకెట్టు గుడ్డకి గుండీ ఊరికే కుట్టి చూడండి. నాలుగు ఉతుకులకి గుండీ బాగానే ఉంటుంది, గుడ్డే చిరుగుతుంది. అందుకే కదా కుట్టేవాళ్ళు లోపలి నుంచి చిన్న గుడ్డ ముక్క వేసి దాంతో కలిపి కుడతారు. బోల్టుకీ అంతే. రూపాయంత వాషరు పెడితే లాగుడంతా ఆ రూపాయంత మేర మీదే పడుతుంది. దాని బదులు లోపలా బయటా అరచేయంత రేకు పలకలు పెట్టి, మధ్యన రబ్బరు వేసి బిగిస్తే లాగుడు పరుచుకుంటుంది. అదైనా చీలకుండా కాపాడుతుందంతే. బరువు దిగడానికి దారి చూపించదు.

"దారి ఎట్ల చూపిస్తరు మరి?" అనడిగాను. రెండు పద్ధతులున్నాయన్నాడు.

మొదటిది లోపలి దారి. టాపు కింద బండి లోపల గట్టి ఇనుప గొట్టాల చట్రం ఉంటే, పైనున్న క్యారియర్ బోల్టులు టాపులోంచి దిగి లోపలి చట్రానికి బిగించిన పట్టీల్లోకి వెళతాయి. టాపు మధ్యలో ఊరికే పరదాలా ఉంటుంది, బరువు మోసేది లోపలి గొట్టాలు. విదేశాల్లో రాంగ్లర్ అనే జీపుకి కూడా ఇలాగే తీయగలిగే గట్టి టాపు ఉంటుంది. దానికి ఇలా లోపలి గొట్టాలకి దన్నిచ్చే క్యారియర్లు తయారుగా దొరుకుతాయి.

రెండోది బయటి దారి. క్యారియర్‌కి పొడుగాటి కాళ్ళు చేయించి, ముందువి అద్దం ఫ్రేము పక్కన, వెనకవి బండి ఇనుప ఒంటికి బిగిస్తారు. మన మండపం రాటల్లాగా అన్నమాట. అసలు టాపుని ముట్టుకోదు. టాపు తీయాలన్నా ఇబ్బంది తక్కువ. కానీ బండి రూపం మారుతుంది, ఖర్చెక్కువ.

ఇంకొక సంగతి కూడా చెప్పాడు. టాపుకే క్యారియర్ బిగిస్తే ఇక ఆ టాపు తీయగలిగే టాపు కాదు. దాని బరువుకి చట్రం బరువు తోడవుతుంది. నలుగురెత్తేది ఆరుగురైనా సరిగ్గా ఎత్తలేరు, ఒక పక్కకి వాలితే మళ్ళీ చీలుతుంది. "తీసే టాపు కావాల్నా, మోసే టాపు కావాల్నా ముందే నిర్ణయం జేసుకోవాలె" అన్నాడు. ఈ మాట క్యారియర్ అమ్మినవాళ్ళు మా మరిదికి చెప్పలేదు. ఆయనా అడగలేదు.

"నేను వేలాడి చూశాను కదా, అప్పుడేమీ కాలేదే" అన్నాడు మా మరిది ఉక్రోషంగా. ఆయన అరవై అయిదు కిలోలుంటాడు. సామాను కూడా ఇంచుమించు అంతే. ఉస్తాద్ నవ్వి, "నిలబడ్డ బండికి, ఉరికే బండికి తేడా లేదా సార్?" అన్నాడు.

నిండు బిందె చంకన పెట్టుకుని నిలబడితే ఎంతసేపైనా నిలబడతాం. అదే బిందెతో పరుగెత్తి ఠక్కున ఆగమంటే? నీళ్ళు మీద పడతాయి, మనమూ పడతాం. గట్టిగా బ్రేకు వేసినప్పుడు 60 కిలోల సామాను 40 కిలోల దాకా బలంతో ముందుకి తోస్తుంది. గుంతలో పడి లేచినప్పుడు ఒక్క క్షణం 60 కిలోలు 100కి పైన అయి కూర్చుంటుంది. గాలి సంగతి ఇంకా విచిత్రం. వేగం రెండింతలైతే గాలి తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. 40 వేగంలో ఊరికే రెపరెపలాడిన పరదా 80 వేగంలో క్యారియర్‌ని పట్టుకుని పీకుతుంది. పైగా బరువు పైకెక్కిన కొద్దీ మలుపుల్లో బండి ఒరుగుతుంది. శ్రీశైలం ఘాటు మలుపులు మీకు తెలియనివి కావు.

చీలిన టాపుని ఆయన రెండు రోజులు ఉంచుకుని బాగుచేశాడు. చీలిక చివర చిన్న బెజ్జం వేశాడు. అదేమిటి, ఉన్న బెజ్జాలు చాలవా అనుకున్నాను. చీలిక ఆ గుండ్రటి బెజ్జం దగ్గరికొచ్చి ఆగిపోతుందట, ఇంకా ముందుకి పాకదట. తర్వాత చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, లోపలి నుంచి గాజునార పొరలు రెజిన్‌తో అతికించి ఆరబెట్టాడు. ఆ రెజిన్ వాసన ఘాటుగా ఉంటుంది, దుమ్ము చర్మానికి దురద పెడుతుంది. కాబట్టి ఇంటి వరండాలో, పిల్లల మధ్య ఈ పని చేయించకండి.

నీళ్ళు కారిన సంగతి కూడా తేలింది. కింద కాళ్ళు కదులుతుంటే పైన ఎంత సిలికాన్ పూసినా నిలవదు. పైగా వాళ్ళు పూసింది పులిసిన వెనిగర్ వాసన వచ్చే మామూలు రకం. అది బాత్‌రూమ్ అద్దాల దగ్గర సరే గానీ, ఇనుము పక్కన పూస్తే తుప్పుకి దోహదం చేస్తుంది. నెలన్నరకే బోల్టుల తలల చుట్టూ ఎర్రగా వచ్చేసింది.

ఇక మనం చేయగలిగిన పనులు చెబుతాను. వీటికి పానా పట్టనక్కర్లేదు.

1. ముందు బండి పుస్తకం చూడండి. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో పైకప్పు మీద ఎంత బరువు పెట్టొచ్చో రాసి ఉంటే అదే లెక్క. క్యారియర్ బరువు కూడా అందులో కలిపే చూసుకోవాలి. మామూలు ఇనుప కప్పు కార్లలోనే చాలావాటికి ఇది 50 నుంచి 75 కిలోల మధ్య ఉంటుంది. బయట చేయించిన ఫైబర్ టాపుకి ఏ పుస్తకమూ ఉండదు. కాబట్టి టాపు మీద బరువు పెట్టకూడదనే అనుకోవాలి.

2. సామాను తూచండి. బరువు చూసుకునే మిషను ఇంట్లో ఉంటుంది కదా. మూట ఎత్తుకుని దాని మీద నిలబడి, తర్వాత మూట లేకుండా నిలబడి, తేడా చూడండి. మేం తిరిగొచ్చాక తూస్తే క్యారియర్ ఒక్కటే 28 కిలోలు, సామాను 64. అంటే ఆ ఫైబరు మీద 92 కిలోలు పెట్టామన్నమాట. ముందే తూచి ఉంటే ఆ పని చేసేవాళ్ళం కాదు.

3. ఇనుము కన్నా అల్యూమినియం క్యారియర్ చాలా తేలిక. ఒకే కొలత ముక్క తీసుకుంటే అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతు. అయితే గొట్టం కాస్త మందంగా ఉండాలి.

4. బరువైనవి బండి లోపల, కింద. తేలికైనవి పైన. బియ్యం, గిన్నెలు, నీళ్ళ డబ్బాలు సీట్ల మధ్య నేల మీద. దుప్పట్లు, బట్టల సంచులు, చాపలు పైకి. పచ్చడి జాడీలు, నూనె డబ్బాలు పైకెక్కించనే కూడదు. మనం దీనికి సరిగ్గా తలకిందులుగా చేశాం, బియ్యం మూట పైన పెట్టి దుప్పట్లు ఒళ్ళో పెట్టుకున్నాం.

5. నైలాన్ తాడు సాగుతుంది. కట్టినప్పుడు బిగుతుగా ఉన్నది యాభై కిలోమీటర్లకి వదులవుతుంది. బిగింపు చక్రం ఉన్న వెడల్పు పట్టీలు దొరుకుతాయి, అవి వాడండి. పట్టా కప్పితే కొసలు లోపలికి మడిచి కట్టాలి, గాలి దూరకూడదు.

6. బయల్దేరిన అరగంటకి ఒకసారి, తర్వాత టీ తాగడానికి ఆగినప్పుడల్లా ఒకసారి చేత్తో ఊపి చూడండి. కొత్తగా బిగించినదైతే వంద కిలోమీటర్ల లోపే బోల్టులు మళ్ళీ బిగించాలి. కొత్త చప్పుడు వచ్చినా, ఒక్క చుక్క నీళ్ళు కారినా ఆపి చూడాల్సిందే.

7. ఎత్తు కొలవండి. మా అపార్ట్‌మెంటు కింద పార్కింగులో దూలం ఏడడుగులే. సామానెత్తిన బండి లోపలికి రానే రాదు, రోడ్డు మీదే సర్దుకున్నాం. నేల నుంచి సామాను కొస దాకా టేపుతో కొలిచి, కాగితం మీద రాసి, నడిపేవాళ్ళ ఎదురుగా అంటించండి. సెల్లార్లలో దూరేటప్పుడు ఆ అంకె పనికొస్తుంది.

8. షాపులో ఒక్క ప్రశ్న అడగండి: "ఈ బరువు ఎక్కడికి దిగుతుంది?" సమాధానంగా టాపుని చేత్తో చరిచి చూపిస్తే బండి తిప్పుకుని వచ్చేయండి. బండి ఒంటిని చూపిస్తే కూర్చుని మాట్లాడండి.

ఇంకొకటుంది, కాగితాల సంగతి. మేం కూడా ముందు దీన్ని తేలిగ్గా తీసుకున్నాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారు చేసిన తీరుకి విరుద్ధంగా, ఆర్.సి.లో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే సంగతి గట్టిగా చెప్పింది. బండి ముందు బిగించుకునే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. కాబట్టి గుడ్డ టాపు బండికి గట్టి టాపు వేయించడం, దాని మీద చట్రం బిగించడం మన ఇష్టం అనుకోవడానికి లేదు. బిగించాక కాదు, బిగించే ముందే ఆర్.టి.ఎ. ఆఫీసులో అడగాలి, ఇన్సూరెన్సు వాళ్ళకి రాతపూర్వకంగా తెలియజేయాలి. రేపు ఆ సామాను ఎవరి మీదైనా పడితే, "మాకు చెప్పకుండా మార్చారు" అని వాళ్ళు వెనక్కి తగ్గితే, కట్టాల్సింది మనం. డబ్బంటే ఎలాగో కడతాం. మనిషికేమైనా అయితే ఏం కడతాం?

ఈ మాట మావారు అంటే మా మరిదికి కోపం వచ్చింది. "ఏడు వేలు పోసి కొన్నాను, మూలన పడేయమంటారా" అన్నాడు. అప్పటిదాకా ఏమీ మాట్లాడని మా తోడికోడలు, "ఆ పాప నాకు చెయ్యి ఊపింది. మీకు కనబడలేదు, మీరు ముందుకి చూస్తున్నారు" అంది. అంతే. ఆయన మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. ఆర్.టి.ఎ.లో అడిగి, ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర్నుంచి కాగితం వచ్చాక, లోపలి గొట్టాలకి దన్ను పెట్టించి, దుప్పట్లు, చాపలే పైన పెట్టేలా బిగించుకుందామని నిర్ణయించుకున్నారు. కాగితం రాకపోతే బిగించేదే లేదు. ఈ లోపల ఎక్కడికైనా వెళితే బరువైన సామాను ఆర్టీసీ కార్గోలో ముందే పంపేస్తున్నాం. సుఖంగా ఉంది.

మరి ఆ క్యారియర్ ఏమైందంటారా? వాళ్ళ పార్కింగులో చోటు లేక మా మేడ మీద పెట్టించాడు. ఈ వేసవిలో మా అత్తయ్య దాని మీద పాత పంచె పరిచి బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టారు. నాలుగు కాళ్ళ మీద ఎత్తుగా ఉంది, చీమలు పట్టలేదు, గాలి కిందా మీదా ఆడి మూడెండలకే గలగలలాడాయి. ఇప్పటిదాకా ఆ క్యారియర్ మోసిన సామానులో క్షేమంగా కిందకి దిగింది ఆ వడియాలే.

మీ ఇంట్లో కూడా బండి మీద సామానెక్కించే ఆలోచన ఉంటే, మూట కట్టే ముందు ఒక్కసారి టాపు లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఉంటాను మరి. వచ్చేవారం వంటింట్లోనే కలుసుకుందాం.